థైరాయిడ్ గడ్డలో నెత్తురు ప్రవాహం: స్కానింగ్ ఎంతవరకు చెప్పగలదు?

సుచిత్ర కూడలి దాటి కొంపల్లి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే, పేట్ బషీరాబాద్ ముగిసేలోపే డయాగ్నొస్టిక్ సెంటర్ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. మెడ స్కానింగ్ కోసం పంజగుట్ట నిమ్స్‌కో రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. ఆసుపత్రికో వెళ్లక తప్పని రోజులు పోయాయి. "నాకు థైరాయిడ్ ఉంది" అని పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునే వాళ్లలో ఎవరికో ఒకరికి డాక్టర్ స్కాన్ రాస్తారు. సాయంత్రానికి రిపోర్టు చేతికొస్తుంది. అందులో గడ్డ కొలత, దాని పక్కన "వాస్క్యులారిటీ పెరిగింది" అని ఒక ముక్క. చదివిన మనిషికి కొలత గుర్తుండదు, ఆ ముక్కే గుర్తుంటుంది. గడ్డకు నెత్తురు ఎక్కువ పారుతోందంటే అది క్యాన్సరేనని, క్యాన్సరైతే తొందరగా పాకేదని ఇంట్లోవాళ్లు తేల్చుకుంటారు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు.

ఆ భయానికి ఆధారం ఉందా? గడ్డలో రక్తప్రసరణను తెర మీద చూసి అది క్యాన్సరో కాదో చెప్పవచ్చా? క్యాన్సరే అయితే రోగి ముందు ముందు ఎలా ఉంటారో దాన్ని బట్టి అంచనా వేయవచ్చా? జపాన్‌లో 1967లో ఫుజిమోటో బృందం థైరాయిడ్‌కు తొలి అల్ట్రాసౌండ్ చిత్రాలు ప్రచురించినప్పటి నుంచి పోగైన పరిశోధనలో ఈ ప్రశ్నలకు జవాబులు చాలామటుకు ఉన్నాయి. క్యాన్సరో కాదో అన్న మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టం. రెండోదానికి జవాబు ఇంకా పూర్తికాలేదు కానీ, ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో విడదీసి చెప్పగలిగినంత తెలుసు.

ముందు గ్రంథి సంగతి. పెద్దవాళ్లలో థైరాయిడ్ బరువు 15 నుంచి 20 గ్రాములు. ఇంత చిన్న అవయవానికి ఇరుపక్కలా రెండేసి ధమనులు. పైది బయటి కెరోటిడ్ నుంచి, కిందిది సబ్‌క్లేవియన్ శాఖ నుంచి వస్తుంది. గ్రాము కణజాలానికి నిమిషానికి సుమారు 5 మిల్లీలీటర్ల నెత్తురు పారుతుంది. శరీరంలో ఈ విషయంలో మూత్రపిండంతో పోటీపడే అవయవాలు అతి కొద్ది. హార్మోను అతిగా తయారయ్యే గ్రేవ్స్ వ్యాధిలో ఈ ప్రవాహం ఎంత పెరుగుతుందంటే, నెత్తురు కదలికను రంగుల్లో చూపే డాప్లర్ స్కాన్ పెట్టగానే గ్రంథి మొత్తం ఎర్రగా నీలంగా మండుతున్నట్టు కనిపిస్తుంది. 1988లో రాల్స్ బృందం ఆ దృశ్యాన్ని అగ్నిగుండమనే వర్ణించింది. అక్కడ క్యాన్సర్ లేదు. హషిమోటో వాపులోనూ, హార్మోను ఎక్కువగా చేసే మామూలు గడ్డల్లోనూ రంగు నిండుగా ఉంటుంది. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోను పెరిగితే గ్రంథికి నెత్తురు పెరుగుతుంది. కాబట్టి తెర మీద రంగు కనబడటమన్నది ఈ అవయవంలో వింతేమీ కాదు. కాలేయంలోనో రొమ్ములోనో కొత్త రక్తనాళాలు కనిపిస్తే కలిగే అనుమానాన్ని ఇక్కడికి యథాతథంగా తేలేము.

అయినా ఆ అనుమానం ఎందుకు పుట్టింది? 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జుడా ఫోక్‌మన్ ఒక ప్రతిపాదన చేశాడు. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగాలంటే తనకు కావలసిన రక్తనాళాలను తానే పుట్టించుకోవాలని, ఆ దారి మూసేస్తే కణితి ఎదగదని. చాలాకాలం దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1989లో నపోలియోన్ ఫెరారా బృందం రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వేరుచేశాక ఆ ఆలోచన క్యాన్సర్ వైద్యానికే ఒక మూలస్తంభమైంది. దాని వెంటే సహజంగా ఇంకో తర్కం వచ్చింది: నాళాలు ఎక్కువుంటే క్యాన్సర్ తీవ్రత ఎక్కువ, డాప్లర్‌తో నాళాలు కనిపిస్తాయి, కాబట్టి డాప్లర్‌తో తీవ్రత తెలుస్తుంది. ఈ మూడు మెట్లలో మొదటిది చాలా క్యాన్సర్లలో నిజం. థైరాయిడ్‌లో రెండో మెట్టూ మూడో మెట్టూ రెండూ జారుడువే.

అసలు చిక్కంతా మూడు వేర్వేరు విషయాలను ఒకే పేరుతో పిలవడంలో ఉంది. గడ్డలో పారే నెత్తురు స్కానింగ్‌లో కనిపించడం ఒకటి. ఆపరేషన్ చేసి తీసిన ముక్కను సీడీ34 వంటి గుర్తులకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టి పాథాలజిస్టు సూక్ష్మనాళాలను లెక్కపెట్టడం రెండోది. క్యాన్సర్ కణాలు రక్తనాళం గోడను చీల్చుకుని లోపలికి దూరడం మూడోది. రోగి భవిష్యత్తును బలంగా సూచించేది మూడోది. అది అల్ట్రాసౌండ్‌లో దాదాపు ఎప్పుడూ కనబడదు. పెద్ద సిరలోకే కణితి పాకిన అరుదైన సందర్భాల్లో తప్ప దాన్ని తేల్చేది పాథాలజీ రిపోర్టే. స్కాన్‌లో "వాస్క్యులారిటీ" అని చదివి "క్యాన్సర్ రక్తంలోకి పోయిందట" అనుకునే కుటుంబాలున్నాయి. ఆ రెండింటికీ సంబంధం లేదన్న ఒక్క మాట వాళ్లకు ఎవరైనా చెప్తే సగం బరువు దిగుతుంది.

రంగు చూసి క్యాన్సర్ చెప్పవచ్చా?

ఈ శతాబ్దం మొదట్లో చెప్పవచ్చుననే అనిపించింది. ఇటలీలో పాపిని బృందం 2002లో 494 మంది రోగులను పరిశీలించింది. వీళ్లందరివీ చేతికి తగలనంత చిన్న గడ్డలు. అంచులు వంకరటింకరగా ఉండటం, లోపల సున్నపు రవ్వలు ఉండటంతోపాటు గడ్డ లోపల రక్తనాళాలు కనిపించడం కూడా క్యాన్సర్ ప్రమాదాన్ని సుమారు 14 రెట్లు పెంచే స్వతంత్ర లక్షణంగా తేలింది. ఆ పత్రం ప్రపంచమంతా పాకింది. రిపోర్టుల్లో రక్తప్రసరణ గురించి ఒక వాక్యం తప్పనిసరి కావడానికి దాని ప్రభావం తక్కువేమీ కాదు.

మరుసటి ఏడాదే బోస్టన్ నుంచి ఫ్రేట్స్ బృందం జాగ్రత్త చెప్పింది. నెత్తురు ఎక్కువ పారే గట్టి గడ్డల్లో క్యాన్సర్ పాలు ఎక్కువన్నది నిజమే, సుమారు 42 శాతం. కానీ నెత్తురు ఎక్కువ లేని గట్టి గడ్డల్లోనూ 14 శాతం క్యాన్సర్లే. అంటే రంగు లేదన్న ధైర్యంతో గడ్డను వదిలేయడానికి వీల్లేదు. 2005లో బ్రెజిల్‌కు చెందిన చమ్మాస్ బృందం రక్తప్రసరణను ఐదు తరగతులుగా విభజించింది. అసలే లేకపోవడం, చుట్టూ మాత్రమే ఉండటం, చుట్టూ ఎక్కువగా లోపల తక్కువగా ఉండటం, లోపలే ఎక్కువగా ఉండటం, కేవలం లోపలే ఉండటం. ఈ విభజన మన దగ్గరి రేడియాలజీ విద్యార్థులకు ఇప్పటికీ పాఠం.

ఆ తర్వాత 2010లో దక్షిణ కొరియా నుంచి మూన్ బృందం ఇచ్చిన ఫలితం లెక్కను తలకిందులు చేసింది. 1083 గడ్డలను పవర్ డాప్లర్‌తో చూశారు. గడ్డ లోపలి రక్తప్రసరణ క్యాన్సర్ గడ్డల్లో కన్నా మామూలు గడ్డల్లోనే ఎక్కువగా కనిపించింది. తెలుపు నలుపు చిత్రంలోని అనుమాన లక్షణాలకు రంగును జత చేసినా నిర్ధారణ మెరుగుపడలేదు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ టైరాడ్స్ పద్ధతిని తెచ్చినప్పుడు గడ్డకు మార్కులు వేయడానికి ఐదు లక్షణాలను తీసుకుంది: గట్టిదా నీటితో నిండినదా, ఎంత నల్లగా ఉంది, అడ్డంకన్నా నిలువు ఎక్కువా, అంచు ఎలా ఉంది, తెల్లని రవ్వలున్నాయా. రక్తప్రసరణకు ఒక్క మార్కు కూడా లేదు. అదే ఏడాది వచ్చిన యూరప్ పద్ధతిలోనూ గడ్డ తరగతిని తేల్చేది రక్తప్రసరణ కాదు. పేట్ బషీరాబాద్‌లో రిపోర్టు చూసి కంగారుపడే వాళ్లకు నేను మొదట చెప్పాలనుకునేది ఇదే. రంగు గురించి రాసిన వాక్యాన్ని కాసేపు పక్కనపెట్టి, టైరాడ్స్ అంకె ఎంతో చూడండి. 5 అయి గడ్డ 1 సెంటీమీటరు దాటితే, 4 అయి 1.5 సెంటీమీటర్లు దాటితే, 3 అయి 2.5 సెంటీమీటర్లు దాటితే సూది పరీక్ష అవసరం. 1, 2 అయితే సూది పరీక్ష అక్కర్లేదు.

క్యాన్సర్ గడ్డలో నెత్తురు తక్కువ కనిపించడం వింతగా తోచవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్లలో అత్యధికం పాపిల్లరీ రకం. ఇందులో గట్టి నారకణజాలం చాలాసార్లు దట్టంగా అల్లుకుపోయి ఉంటుంది, పెద్ద నాళాలకు అందులో చోటుండదు. పైగా ఇప్పుడు దొరుకుతున్నవి చాలావరకు సెంటీమీటరు అటూ ఇటూ ఉన్నవి. వాటిలోని నాళాలు డాప్లర్‌కు అందనంత సన్నం. డాప్లర్ చూసేది పెద్దకాలువలనూ పిల్లకాలువలనూ మాత్రమే, మడిలోకి నీరు పంచే బోదెలు దానికి కనబడవు. కేశనాళిక వెడల్పు మైక్రాన్లలో ఉంటుంది, అందులో నెత్తురు నడక కూడా అతి నెమ్మది. అందుకే తెర మీద రంగు లేదంటే గడ్డకు నెత్తురు లేదని కాదు. ఆ యంత్రం కంటికి ఆనలేదని మాత్రమే.

ఆ కన్ను కూడా పట్టుకున్నవారి చేతిని బట్టి మారుతుంది. ప్రోబ్‌ను మెడ మీద కాస్త గట్టిగా ఒత్తితే సన్న నాళాలు మూసుకుపోతాయి. వేగం స్కేలును కెరోటిడ్ ధమనికి సరిపోయేట్టు ఎక్కువలో ఉంచి థైరాయిడ్ మీదికి వస్తే నెమ్మది ప్రవాహం మాయమవుతుంది. గెయిన్ పెంచితే లేని చోటా రంగు చిమ్ముతుంది. రోగి గుటక మింగినా, పక్కన కెరోటిడ్ కొట్టుకుంటున్నా తెర మీద తప్పుడు రంగు పడుతుంది. రోజంతా జనం కిక్కిరిసే కేంద్రంలో ప్రతి రోగికీ ఈ మీటలన్నీ సరిచూసే తీరిక దొరకడం కష్టం. ఒక కేంద్రంలో "ఎక్కువ" అని, మూడు నెలల తర్వాత మరో కేంద్రంలో "తక్కువ" అని రాసినంత మాత్రాన గడ్డ మారిందనుకోకూడదు. పోల్చాలంటే ఒకే రకం యంత్రం, వీలైతే ఒకే డాక్టర్ ఉండాలి.

ఫాలిక్యులర్ గడ్డల దగ్గర మాత్రం డాప్లర్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. ఈ రకంలో సూది పరీక్ష చేతులెత్తేస్తుంది. కణాలు చూసి అది మామూలు అడినోమానా క్యాన్సరా చెప్పలేరు, పొరనో నాళాన్నో చీల్చిందా అన్నది గడ్డ మొత్తం తీశాకే తెలుస్తుంది. సూది పరీక్ష ఫలితాల బెథెస్డా వర్గీకరణలో నాలుగో తరగతి వచ్చినవాళ్లు నలిగిపోయేది ఇక్కడే. 2004లో జపాన్‌కు చెందిన ఫుకునారి బృందం గడ్డ లోపలికి చొచ్చుకుపోయే ప్రవాహాన్ని నాలుగు స్థాయిలుగా కొలిచి, అది ఎక్కువుంటే ఫాలిక్యులర్ క్యాన్సర్ అనుమానించవచ్చని చూపింది. అది తీర్పు కాదు, త్రాసులో కొంచెం బరువు. గడ్డ కణాల జన్యు పరీక్షలకు డబ్బు పెట్టలేని మన రోగికి ఆ కొంచెం బరువు కూడా విలువైనదే.

కొత్త పరికరాలు, పాత ప్రశ్న

1990ల నడుమ పవర్ డాప్లర్ వచ్చింది. అది ప్రవాహం దిశను వదిలేసి బలాన్ని మాత్రమే చూపిస్తుంది కాబట్టి నెమ్మది ప్రవాహం దానికి ఇంకాస్త బాగా అందుతుంది. గత పదేళ్లలో సూక్ష్మనాళాల చిత్రణ వచ్చింది. కణజాలం కదలికనూ నెమ్మది నెత్తురునూ వేరుచేసి, పవర్ డాప్లర్‌కు అందని సన్నకొమ్మలను ఇది చూపిస్తుంది. ఇందులో సూది లేదు, మందు లేదు, రేడియేషన్ లేదు.

వీటన్నిటికన్నా లోతుగా చూసేది బుడగల పరీక్ష. చేతి సిరలోకి అతి సూక్ష్మ వాయుబుడగలున్న మందు ఎక్కిస్తారు. ఎక్కువగా వాడే సోనోవ్యూలో బుడగ సగటు వెడల్పు 2.5 మైక్రాన్లు, ఎర్రరక్తకణంలో మూడో వంతు. అది నాళం గోడ దాటి బయటికి పోదు, కేశనాళికల్లోనూ తిరుగుతుంది, చివరికి ఆ వాయువు ఊపిరితో బయటపడుతుంది. మూత్రపిండాలకు భారం లేదు, అయోడిన్ లేదు. థైరాయిడ్ రోగికి ఈ చివరి మాట ముఖ్యం. సీటీలో వాడే అయోడిన్ మందు తర్వాత జరగాల్సిన రేడియోఅయోడిన్ చికిత్సను వెనక్కి నెడుతుంది. బుడగలతో ఆ ఇబ్బంది ఉండదు.

చైనా, ఇటలీ వంటి దేశాల్లో ఈ పరీక్ష మీద విస్తారంగా పని జరిగింది. గడ్డ చుట్టూ ఉంగరంలా వెలిగితే మామూలు గడ్డ అనీ, పక్క కణజాలం కన్నా మసకగా, ఎగుడుదిగుడుగా వెలిగితే పాపిల్లరీ క్యాన్సర్ అనీ చాలా అధ్యయనాల్లో తేలింది. ఇక్కడ కూడా అదే సంగతి గమనించండి: క్యాన్సర్ ఎక్కువ వెలగడం లేదు, తక్కువ వెలుగుతోంది. సగటు మనిషి ఊహకు ఇది పూర్తిగా వ్యతిరేకం. ఏమైనా ఇది పక్కవీధి స్కానింగ్ కేంద్రంలో జరిగే పరీక్ష కాదు. మందు ఖరీదుంది, తర్ఫీదు కావాలి, దాని ఫలితంతో చికిత్స మారే సందర్భాలు ఇంకా తక్కువ.

ముందు ముందు ఎలా ఉంటుంది?

ఇక రెండో ప్రశ్న. పాపిల్లరీ క్యాన్సర్ వచ్చినవారిలో నూటికి తొంభై మందికి పైగా పదేళ్ల తర్వాతా బతికే ఉంటారు. ఇలాంటి జబ్బులో ఎవరికి ముప్పు ఎక్కువో కనిపెట్టడం సహజంగానే కష్టం. 1993లో మేయో క్లినిక్ నుంచి హే బృందం ఇచ్చిన మేసిస్ లెక్కలో ఐదు అంశాలున్నాయి: దూరావయవాలకు పాకిందా, వయసెంత, ఆపరేషన్‌లో పూర్తిగా తీయగలిగారా, గ్రంథి బయటికి చొచ్చుకుపోయిందా, సైజు ఎంత. క్యాన్సర్ దశలను నిర్వచించే అమెరికన్ ఉమ్మడి కమిటీ ఎనిమిదో కూర్పు వయసు హద్దును 45 నుంచి 55కు జరిపింది. 55 లోపు వయసులో పాపిల్లరీ, ఫాలిక్యులర్ క్యాన్సర్లు ఊపిరితిత్తులకో ఎముకలకో పాకనంతవరకు, మెడలో బిళ్లలున్నా సరే, మొదటి దశే. 2022 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ నాళాల్లోకి చొరబాటుకు పెద్దపీట వేసింది. ఫాలిక్యులర్ క్యాన్సర్ నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ నాళాల్లోకి దూరితే ముప్పు ఎక్కువ. ఈ లెక్కల్లో ఎక్కడా డాప్లర్ రంగు లేదు.

మరి సూక్ష్మనాళాల సాంద్రత? మైక్రోస్కోపు కిందే దాని కథ తేలలేదు. నాళాలు ఎక్కువున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 1990ల్లో కొన్ని పత్రాలు వచ్చాయి. 2000లో నార్వేకు చెందిన ఆక్స్‌లెన్, పెన్సిల్వేనియాకు చెందిన లివాల్సీ కలిసి పాపిల్లరీ క్యాన్సర్‌లో కొత్త నాళాలు పెరగడం నిజమేగానీ రోగి భవిష్యత్తుకు దానితో సంబంధం కనబడలేదని తేల్చారు. ముక్కను చేతిలో పెట్టుకుని లెక్కించిన నాళాలే భవిష్యత్తు చెప్పలేనప్పుడు, చర్మం మీంచి చూసిన రంగు చెబుతుందని ఆశించడం ఎంతవరకు న్యాయం?

డాప్లర్‌తోనో బుడగలతోనో భవిష్యత్తు తెలుస్తుందని చెప్పే పత్రాలు గత పదిహేనేళ్లలో చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ పత్రాలు "భవిష్యత్తు" అంటున్నది మరణాన్ని కాదు, జబ్బు తిరగబెట్టడాన్నీ కాదు. ఆపరేషన్‌లో తీసిన మెడ మధ్యభాగపు లింఫు గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయా లేదా అన్నదాన్ని. గడ్డ బాగా వెలిగితే, లేదా థైరాయిడ్ పొరను ఎక్కువ మేర తాకుతూ వెలుగు తెగిపోతే, లింఫు గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువని అవి చెబుతాయి. అది పనికిరాని సమాచారం కాదు, ఎంత మేర ఆపరేషన్ చేయాలో నిర్ణయించే శస్త్రవైద్యుడికి ఆసరా. అయితే పాపిల్లరీ క్యాన్సర్‌లో గ్రంథుల్లో కొద్దిపాటి కణాలు ఉండటం చాలా మామూలు, చిన్న వయసువాళ్ల ఆయుష్షుపై దాని ప్రభావం స్వల్పం. నిజమైన ఫలితం తెలియాలంటే ఇరవై ఏళ్లు వెంటపడి చూడాలి. బుడగల పరీక్షకు ఆ వయసు ఇప్పుడిప్పుడే వస్తోంది. ఒకే ఆసుపత్రిలో, పాత రికార్డులు తిరగేసి, రెండేళ్ల కాలానికి చేసిన అధ్యయనాన్ని "భవిష్యత్తు అంచనా" అని పిలవడం నాకు సమ్మతం కాదు.

నన్ను బాగా ఆలోచింపజేసిన ఆధారం మాత్రం జపాన్ నుంచి వచ్చింది. 1993లో కోబెలోని కుమా ఆసుపత్రిలో మియాఉచి ప్రతిపాదన మీద ఒక సాహసం మొదలైంది. సెంటీమీటరులోపు పాపిల్లరీ క్యాన్సర్లను వెంటనే కోయకుండా క్రమం తప్పక స్కాన్ చేస్తూ కనిపెట్టుకుని ఉండటం. 2014లో ప్రచురించిన 1235 మంది లెక్కలో పదేళ్లలో గడ్డ పెరిగినవారు 8 శాతం, లింఫు గ్రంథుల్లో క్యాన్సర్ కొత్తగా కనిపించినవారు 3.8 శాతం. పెరిగినవాళ్లకు అప్పుడు ఆపరేషన్ చేశారు, ఆలస్యం వల్ల నష్టం జరగలేదు. టోక్యో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇదే దారిలో నడిచిన ఫుకుఒకా, సుగితాని బృందం 2016లో 480 చిన్న క్యాన్సర్లను ఏళ్ల తరబడి చూసి చెప్పింది: రక్తప్రసరణ నిండుగా ఉన్నవి పెరిగే అవకాశం ఎక్కువ, సున్నం గట్టిపడి నెత్తురు తగ్గినవి కదలకుండా ఉండిపోతాయి. మొదట్లో నెత్తురు నిండుగా ఉన్న గడ్డల్లో చాలావాటికి కాలం గడిచేకొద్దీ అది తగ్గింది కూడా. రక్తప్రసరణకు భవిష్యత్తుతో ఉన్న సంబంధం నాకు నమ్మదగినదిగా కనిపించిన చోటు ఇది. ఒక్కసారి తీసిన ఫొటోకు అంత విలువ లేదు. అదే గడ్డను అదే చేత్తో ఏళ్లకేళ్లు చూస్తే మాత్రం ఆ మార్పుకు విలువ ఉంది.

గడ్డను వదిలి మెడ పక్కలకు వెళ్తే డాప్లర్ విలువ ఇంకా పెరుగుతుంది. మామూలు లింఫు గ్రంథికి నెత్తురు దాని మధ్యనున్న ముఖద్వారం నుంచే వెళ్తుంది. క్యాన్సర్ చేరిన గ్రంథిలో ఆ అమరిక చెదిరి అంచుల నుంచి నాళాలు దూరతాయి. 2007లో పారిస్ దగ్గరి గుస్తావ్ రూసీ సంస్థ నుంచి లెబులూ బృందం ఆపరేషన్‌లో తీసిన గ్రంథులతో పోల్చి చూసింది. అంచు రక్తప్రసరణ అన్న లక్షణం క్యాన్సర్ గ్రంథుల్లో 86 శాతాన్ని పట్టుకుంది, క్యాన్సర్ లేనివాటిలో 82 శాతాన్ని సరిగ్గా వదిలిపెట్టింది. రెండు వైపులా ఇంత సమతూకం ఉన్న లక్షణం ఆ పరిశీలనలో మరొకటి లేదు. సున్నపు రవ్వలు, నీటితిత్తులు కనిపిస్తే క్యాన్సర్ దాదాపు ఖాయమే కానీ అవి చాలా గ్రంథుల్లో కనిపించవు. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టిందా అని చూసే ప్రతి స్కాన్‌లోనూ ఇది పనికొస్తుంది. కానీ మన రిపోర్టుల్లో గడ్డ లోపలి రంగు గురించి రాసినంత వివరంగా మెడ గ్రంథుల గురించి రాసినవి నాకు తక్కువగా తగిలాయి. విలువ లేనిచోట మాటలు ఖర్చుపెట్టి, విలువ ఉన్నచోట "గ్రంథులు సాధారణం" అని రెండు ముక్కల్లో ముగించడం సరికాదు.

నాళాలను మూసే మందు, హైదరాబాద్ మలుపు

ఫోక్‌మన్ ఆలోచన థైరాయిడ్ రోగికి నిజంగా మేలు చేసింది మందుల రూపంలో. రేడియోఅయోడిన్‌కు లొంగని, పాకిపోతున్న క్యాన్సర్‌కు రక్తనాళాల పెరుగుదలను అడ్డుకునే రెండు మాత్రలు వచ్చాయి. 2014లో వెలువడిన డెసిషన్ ప్రయోగంలో సొరాఫెనిబ్ జబ్బు ముదరకుండా ఉన్న కాలాన్ని 5.8 నెలల నుంచి 10.8 నెలలకు పెంచింది. 2015 నాటి సెలెక్ట్ ప్రయోగంలో లెన్వాటినిబ్ అదే కాలాన్ని 3.6 నుంచి 18.3 నెలలకు తీసుకెళ్లింది. ఈ మందులు ఎవరికి ఇవ్వాలన్నది డాప్లర్ రంగును బట్టి నిర్ణయించరు. అయోడిన్ పట్టుకుంటోందా, గడ్డలు పెరుగుతున్నాయా అన్నవే చూస్తారు.

సొరాఫెనిబ్ కథలో హైదరాబాద్‌కు చోటుంది. బేయర్ కంపెనీ నెక్సావర్ పేరుతో అమ్మిన ఈ మందు నెలకు రూ.2,80,428 ఉండేది. 1981లో నన్నపనేని వెంకయ్య చౌదరి హైదరాబాద్‌లో స్థాపించిన నాట్కో ఫార్మా, పేటెంట్‌దారు ఒప్పుకోకున్నా ఆ మందు తయారుచేసే వీలునిచ్చే తప్పనిసరి లైసెన్సును పేటెంట్ చట్టంలోని 84వ సెక్షన్ కింద కోరింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ ఆ లైసెన్సు ఇచ్చారు. దేశంలో అదే మొదటిది. నెల మందు ధర రూ.8,880గా ఖరారైంది. బేయర్ అప్పీలుకు వెళ్లింది, 2014లో బొంబాయి హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు కూడా లైసెన్సును కదపలేదు. లైసెన్సు కాలేయ, మూత్రపిండ క్యాన్సర్ల కోసమే ఇచ్చినా, సామాన్యుడి ధర అన్న మాట అప్పటినుంచే ఈ మందు పక్కన చేరింది. థైరాయిడ్ గడ్డకు నెత్తురు ఎలా అందుతుందన్న ప్రశ్న ఒక రోగి జేబును తాకిన సందర్భం ఇంతకన్నా పెద్దది నాకు తెలియదు.

ఎక్కువ వెతకడం వల్ల వచ్చే చిక్కు గురించీ చెప్పాలి. దక్షిణ కొరియాలో 1999 తర్వాత ఆరోగ్య తనిఖీల్లో థైరాయిడ్ స్కాన్ అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్య మాత్రం మారలేదు. వేలమంది గ్రంథి పోగొట్టుకుని జీవితాంతం మాత్రల మీద బతకవలసివచ్చింది. మేడ్చల్ రోడ్డు పొడవునా మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలు పెరుగుతున్న ఈ కాలంలో, ఏ లక్షణమూ లేనివాళ్లకు ప్యాకేజీలో భాగంగా థైరాయిడ్ స్కాన్ చేయడాన్ని నేను వ్యతిరేకిస్తాను. చేతికి గడ్డ తగిలినవాళ్లకు, గొంతు బొంగురుపోయినవాళ్లకు, మెడలో బిళ్లలు కట్టినవాళ్లకు, ఇంట్లో ఈ క్యాన్సర్ వచ్చినవారున్నవాళ్లకు, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలినవాళ్లకు స్కాన్ అవసరం.

మొత్తం సాక్ష్యం చూశాక నా తీర్పు ఇది. గడ్డ క్యాన్సరా కాదా అన్నదానికి డాప్లర్ రంగు నమ్మదగిన సాక్షి కాదు. క్యాన్సర్ భవిష్యత్తుకు ఒక్కసారి చూసిన రంగు ఆధారం కాదు. కనిపెట్టుకుని ఉన్న చిన్న క్యాన్సర్‌లో కాలంతో మారే రక్తప్రసరణ, మెడ గ్రంథుల అంచు రక్తప్రసరణ, సూది పరీక్ష తేల్చలేని ఫాలిక్యులర్ గడ్డ, ఈ మూడు చోట్ల అది పనికొస్తుంది. సూది గుచ్చేటప్పుడు దారిలో పెద్ద నాళం లేకుండా చూసుకోవడానికీ పనికొస్తుంది.

సుచిత్ర, పేట్ బషీరాబాద్, కొంపల్లి, మేడ్చల్ ప్రాంతాల్లో స్కాన్ చేసే డాక్టర్లకు ఒక విన్నపం. గడ్డ లోపలి రంగు గురించి రాస్తే రాయండి, కానీ టైరాడ్స్ అంకె, మూడు దిక్కుల కొలతలు, ఇరుపక్కల మెడ గ్రంథుల వివరం లేకుండా రిపోర్టు మీద సంతకం పెట్టవద్దు. రోగులకు ఒక మాట. పాత స్కాన్ ఫిల్ములు, సీడీలు పారేయకండి, ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ అయితే పాథాలజీ రిపోర్టు నకలు తప్పకుండా అడిగి తీసుకుని, నాళాల్లోకి చొరబాటు గురించి అందులో ఏం రాశారో మీ డాక్టర్‌ను అడగండి. క్యాన్సర్ అని తేలి డబ్బు గురించి దిగులుపడేవాళ్లు ఆరోగ్యశ్రీ సంగతి కనుక్కోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి అర్హులైన కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు ఆ పథకం వర్తిస్తుంది.